కాలువకు ప్రథమ బహుమతి

పందిళ్ళపేట మునిసిపాలిటీలో ఈ గొడవంతా రెండు కవర్ల వల్ల వచ్చింది. ఆ ఊళ్ళో రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన ఒకే రోజున ఒక కథా, ఒక అర్జీ రాశాడు. పార్కులోకి చిరుతపులి వచ్చిందని కథ. తన వీధిలో దీపం వెలగడం లేదని అర్జీ. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊరందరి ఉత్తరాలూ సరైన గుమ్మానికి చేర్చిన ఆ పెద్దమనిషి, సొంత ఉత్తరాల దగ్గరికొచ్చేసరికి కవర్లు తారుమారు చేశాడు. కథ కమిషనరు గారికి చేరింది, అర్జీ వారపత్రికకు చేరింది. కమిషనరు గారు అటవీశాఖ వారిని పిలిపించి, పార్కులో బోను పెట్టించి, అందులో మేకను కట్టించి, తాను ఇంట్లో తలుపులు బిగించుకుని కూర్చున్నారు. వారపత్రిక వారు దీపం అర్జీని అచ్చువేసి, 'ఒంటరి మనిషి అంతరంగాన్ని ఇంత పొదుపుగా చెప్పిన రచన ఈమధ్య రాలేదు' అని మెచ్చుకుని బహుమతి కూడా ఇచ్చారు. చిరుత రాలేదు, దీపం వెలగలేదు. మేకకు మాత్రం వేళకు మేత దొరికి ఒళ్ళు చేసింది.

ఇంత పరువు పోయాక ప్రభుత్వం ఊరుకుంటుందా? విచారణ సంఘం వేసింది. 'ప్రజలు సమర్పించు గద్యము ఏ ప్రక్రియకు చెందినదో నిర్ధారించు యంత్రాంగము లేకపోవుటయే ఈ లోపమునకు హేతువు' అని సంఘం తేల్చింది. దాంతో మునిసిపల్ ఆఫీసు మేడ మీద, అంతకుముందు విరిగిన కుర్చీలు పడేసే గదిలో, 'గద్య ప్రక్రియా నిర్ధారణ విభాగం' వెలిసింది. ఇక మీదట ఎవరు ఏ కాగితం ఇవ్వాలన్నా ముందు మేడెక్కి, అది కథో, వ్యాసమో, ఆత్మకథో, యాత్రా రచనో తేల్చే ధ్రువపత్రం తెచ్చుకోవాలి. కథ కాని కథనూ, వ్యాసం కాని వ్యాసాన్నీ కింద ఎవరూ ముట్టుకోరు.

మొదట్లో జనం నవ్వారు. తర్వాత అలవాటు పడ్డారు. మన జనం దేనికైనా అలవాటు పడతారు, అదే మన గొప్పా, మన ఖర్మా. మెట్ల మీద వరసలో నిలబడ్డవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పలకరించుకునేవారు.

"మీదేందండీ?"

"ఆత్మకథ. కుళాయి గురించి. మరి మీది?"

"మా మామది జీవిత చరిత్రండీ, పింఛను కోసం. పుట్టుక దాకా బాగానే వచ్చింది, పెళ్ళి కాడ ఆగింది."

ఈ మార్పు వల్ల అందరికంటే ఎక్కువ కంగారుపడ్డవాడు చుండూరి భుజంగరావు. మునిసిపల్ ఆఫీసు ఎదురుగా, జిరాక్సు కొట్టు పంచలో చెక్కబల్ల వేసుకుని, ఇతరుల అర్జీలు రాసిపెట్టి బతికే మనిషి. అరవై ఏళ్ళు దాటాయి. 'మహారాజశ్రీ కమిషనరు గారి దివ్యసముఖమునకు' అని మొదలుపెట్టి, 'తమ దయకు పాత్రులము' అని ముగించడం తప్ప ఆయన చేతికి వేరే గద్యం తెలియదు. ఆ మధ్యలో ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకుంటే సరిపోయేది. ఇన్నాళ్ళూ ఆ రాతతోనే ఇల్లు గడిచింది.

వేసవి మొదట్లో సజ్జా నాంచారమ్మ ఆయన బల్ల దగ్గరికి వచ్చింది. సాలిపేటలో నేతమనిషి. మొగుడికి చూపు మందగించాక మగ్గం ఆవిడే నడుపుతోంది. వాళ్ళది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తారు. ఆ గుంట పొడిగా ఉన్నంతకాలమే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

"పంతులుగారూ, మా ఈది చివర సిమెంటు రోడ్డేసినోళ్ళు మిగిలిన రాళ్ళూ మట్టీ మురిక్కాలవలో తోసి పోయారు. పోయినేడు వానకి నీళ్ళు ఎదురుతన్ని గడప దాకా వచ్చినయ్. ఈయేడు గుంటలోకే వస్తయ్. గుంట తడిస్తే ఆరేదాకా మగ్గం లేనట్టే. వానలు పడేలోపు ఆ మట్టి తీపించమని రాయండి" అంది.

"అంతేనా! ఎంతసేపు?" అని భుజంగరావు అక్కడికక్కడే అర్జీ రాసి, ఆవిణ్ణి వెంటబెట్టుకుని మేడెక్కాడు.

విభాగానికి అధిపతి డాక్టర్ శేషశయనం. ఆధునిక గద్యంలో విరామ చిహ్నాల పాత్ర మీద పరిశోధన చేసి, ఆ పట్టా పట్టుకుని ఏళ్ళ తరబడి ట్యూషన్లు చెప్పుకున్న మనిషి. ఇన్నాళ్ళకు తన చదువుకు ఒక కుర్చీ దొరికిందన్న సంతోషం ఆయన ముఖంలో దాగేది కాదు. చెడ్డవాడు కాదు. చదివేటప్పుడు మాత్రం ఎదురుగా మనిషి ఉన్నట్టు ఆయనకు గుర్తుండేది కాదు.

అర్జీ చదివి ఆయన కళ్ళజోడు తీశాడు.

"ఇది ఏ ప్రక్రియ?"

"అర్జీ అండీ" అన్నాడు భుజంగరావు.

"అర్జీ ప్రక్రియ కాదు. ఏ లాక్షణికుడూ దాన్ని నిర్వచించలేదు. నిర్వచనం లేనిదాన్ని నేను నిర్ధారించలేను." మళ్ళీ కాగితం చూశాడు. "ఇందులో 'వానలు పడినచో నీళ్ళు వచ్చును' అన్నారు. వచ్చాయా?"

"ఇంకా రాలేదండీ. రాకముందే తీపించమనే గదా!" అంది నాంచారమ్మ.

"జరగనిదాన్ని జరుగుతుందని రాస్తే కల్పన అవుతుందమ్మా. కల్పన మీద ప్రభుత్వం చర్య తీసుకోదు. చిరుతపులి విషయంలో ఒకసారి తీసుకుని అనుభవించాం."

"పోనీ నీళ్ళొచ్చినాక రాస్తే?"

"అప్పుడు చరిత్ర అవుతుంది. పురావస్తు శాఖకు పంపుతాను."

నాంచారమ్మ భుజంగరావు వంక చూసింది. భుజంగరావు గోడ వంక చూశాడు. శేషశయనానికి వాళ్ళ మీద జాలి కలిగింది. "వ్యాసంగా తిరగరాసుకురండి. వ్యాసానికి విలువ ఉంది. కానీ ఉపోద్ఘాతం, పూర్వపక్షం, సిద్ధాంతం, ఉపసంహారం, నాలుగూ ఉండాలి. పూర్వపక్షం లేకపోతే అది వ్యాసం కాదు, ఫిర్యాదు" అని దారి చూపించాడు.

పూర్వపక్షం అంటే, కాలువ తీయకపోతే వచ్చే లాభాలు కూడా చెప్పాలన్నమాట. భుజంగరావు ఇంటికి వెళ్ళి తల పట్టుకు కూర్చున్నాడు. చివరికి మగ్గం గుంటలో నీళ్ళు నిలిస్తే భూగర్భజలాలు పెరుగుతాయనీ, ఇల్లు చల్లగా ఉంటుందనీ, కాళ్ళకు విశ్రాంతి దొరుకుతుందనీ రాశాడు. రాస్తుంటే ముందు సిగ్గేసింది, తర్వాత రెండో వాక్యం బాగా కుదిరిందనిపించింది. ధ్రువపత్రం వచ్చింది. వ్యాసం కిందికి దిగి కమిషనరు గారి బల్ల మీదికి చేరింది. వారం తిరక్కుండా జవాబొచ్చింది. 'ఉభయ పక్షముల వాదనలును సమానముగా బలమైనవి యగుటచే ఎట్టి చర్యయు అవసరము లేదని తీర్మానించడమైనది.'

"నా కాలవ మీద నాకే ఎదురు రాశారా పంతులుగారూ?" అంది నాంచారమ్మ. కోపంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

"రూలమ్మా. ఏం చేస్తాం" అన్నాడాయన.

తర్వాత ఆత్మకథ. నాంచారమ్మ రోజూ మధ్యాహ్నం మగ్గం ఆపి వచ్చి, బల్ల పక్కన కూర్చుని తన బతుకు చెప్పేది. శేషశయనం గారు బాల్యం లేని ఆత్మకథను ఒప్పుకోరు కాబట్టి బాల్యం నుంచి మొదలైంది. నూలు చుట్టిన వేళ్ళు, అద్దకం తొట్లు, పెళ్ళినాడు అత్తగారు కట్నం మాట ఎత్తకుండా 'మగ్గం మీద కూర్చుంటావా?' అని అడగడం, అన్నీ వచ్చాయి. భుజంగరావు రాసుకుంటూ రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నాడు. ఇంతమందికి ఇన్ని అర్జీలు రాసి ఒక్క మనిషి కథా పూర్తిగా వినలేదే అనుకున్నాడు. తీరా కాలువ మాట వచ్చేసరికి కాగితాల దస్తా అయిపోయింది. ఆత్మకథకు ప్రముఖ వ్యక్తి ఒకరు పీఠిక రాయాలనీ, నాయిక తనను తాను పొగుడుకోలేదని ఇరుగుపొరుగు వారు సాక్ష్యం చెప్పాలనీ మేడ మీద మెలిక పెట్టారు. పొరుగింటావిడ సాక్ష్యానికి వచ్చి, "పొగుడుకోటానికేముందయ్యా, దాని మొహం" అంది. అది సాక్ష్యం కాదన్నారు.

అప్పటికి రోహిణి కార్తె ఎండలు మాడ్చేస్తున్నాయి. శేషశయనం గారే మరో ఉపాయం చెప్పారు. యాత్రా రచన అయితే సంబంధిత శాఖాధికారి స్వయంగా ఆ స్థలాన్ని దర్శించి రాయాలని నియమం. అంటే ఇంజనీరు సాలిపేటకు వచ్చి తీరాలి! ఈ మాట వినగానే నాంచారమ్మ ముఖం విప్పారింది. భుజంగరావు కూడా ఆ పూట బల్ల ముందే మూసేశాడు.

ఇంజనీరు గారు నిజంగానే వచ్చారు, జీపులో, సాయంత్రం పూట. నాంచారమ్మ మొగుడు కుర్చీ తుడిచి వేశాడు, పక్కింటివాళ్ళు టీ తెచ్చారు. ఇంజనీరు గారు కాలువ పొడుగునా నడిచారు. రాళ్ళ గుట్ట దగ్గర ఆగి చాలాసేపు చూశారు.

"ఇదేనండీ, ఇదే అడ్డం. పారలు పట్టే మనుషులు నలుగురొస్తే ఒక్కపూట పని. మేమే తీద్దామంటే మునిసిపాలిటీ కాలవలో చెయ్యిబెడితే కేసంటన్నారు" అంది నాంచారమ్మ.

"అమ్మా, కాస్త పక్కకు జరుగుతారా? ఆ సూర్యుడు పోతాడు" అన్నారు ఇంజనీరు గారు, జేబులోంచి కలం తీస్తూ.

ఆయన రాసిన 'సాలిపేట సంధ్య' మునిసిపల్ బులెటిన్లో మొదటి పేజీలో వచ్చింది. రాళ్ళ గుట్టను ఆయన 'పురాతన శిథిలము' అన్నాడు, నిలిచిన మురుగును 'కదలని జలదర్పణము' అన్నాడు. టీ ఇచ్చిన ఆతిథ్యం గురించి రెండు పేరాలు రాశాడు. చివర్లో 'ఇట్టి ప్రశాంత స్థలములను మార్చక యథాతథముగా చూచుటయే యాత్రికుని ధర్మము' అని ముగించాడు. ఆ ఒక్క వాక్యంతో కాలువ ఫైలు మూతపడింది.

భుజంగరావు ఆ బులెటిన్ చదివి మండిపడ్డాడు. ఎందుకు మండిపడ్డాడో చెప్పాలంటే మాత్రం కాస్త ఇబ్బందే. 'కదలని జలదర్పణమట! ఇంతకంటే నేను బాగా రాయనా?' అనుకున్నాడు. ఈ రెండు నెలల్లో ఆయనలో ఏదో తేడా వచ్చింది. బల్ల మీద నిఘంటువు చేరింది. కుళాయి రావడం లేదని ఎవరైనా వస్తే, "ఏ రసంలో రాయమంటావు?" అని అడుగుతున్నాడు. భార్య పప్పులో ఉప్పు లేదా అనడిగితే, లేకపోవడంలోనే ధ్వని ఉందన్నాడు. ఆవిడ ఆ రోజు నుంచి అడగడం మానేసి ఉప్పు డబ్బా ఎదురుగా పెట్టేస్తోంది.

సరిగ్గా అప్పుడే మేడ మీది గోడకు ప్రకటన అంటించారు. 'ఉత్తమ అర్జీల పోటీ, కథా విభాగము. ప్రథమ బహుమతి పొందిన అర్జీపై గౌరవ కమిషనరు గారు వేదికమీదనే సంతకము చేసెదరు.'

భుజంగరావు పరుగున సాలిపేటకు వెళ్ళాడు. "నాంచారమ్మా, ఇంకెవ్వరి కాళ్ళూ పట్టుకోవక్కర్లేదు. కథ రాస్తాను. బహుమతి వస్తే వేదిక మీదే సంతకం. మర్నాడే పారలు దిగుతాయి."

నాంచారమ్మ గుంటలోంచి తలెత్తింది. చేతిలో పని ఆపలేదు. పెళ్ళివారి కోసం నిలువు పోగుల కొత్త పడుగు ఎక్కించి ఉంది మగ్గం మీద, ఎర్రంచు పట్టుచీరలకు. "ఏదైతే ఏందయ్యా, మట్టి తీస్తే చాలు. ఈ పడుగు తడిస్తే మాత్రం నేను లేవలేను పంతులుగారూ" అంది.

ఆయన కథ రాశాడు. అందులో నేతమనిషి ఉంది, మూసుకుపోయిన కాలువ ఉంది, కమ్ముకొచ్చే మబ్బు ఉంది. చివరికి మునిసిపాలిటీ మనుషులు వచ్చి మట్టి తీస్తారు. తొలకరి వాన కాలువలోంచి గలగలా పారిపోతుంది. నాంచారమ్మ మగ్గం చప్పుడుతో కథ ముగుస్తుంది. రాయడం పూర్తయ్యాక భుజంగరావుకు కడుపు నిండినట్టయింది.

శేషశయనం చదివాడు. మొదటి పేజీల్లో తల ఊపుతూ, ఒకచోట 'ఆహా' అంటూ, చివరి పేజీ దగ్గర ఆగిపోయాడు.

"ఎంత చక్కగా నడిపించి ఎంత పని చేశారండీ!"

"ఏమైందండీ?"

"ముగింపు. మునిసిపాలిటీ వచ్చి కాలువ తీసింది అంటే ఏ పాఠకుడు నమ్ముతాడు? వాస్తవికత ఎక్కడ?" ఆయన నిజంగానే బాధపడుతున్నాడు. "కష్టం తీరిపోతే కథ పిల్లల కథ అయిపోతుంది. న్యాయనిర్ణేతలు పక్కన పడేస్తారు. మగ్గం మునగాలి భుజంగరావు గారూ. పడుగు తడవాలి. అప్పుడు చూడండి, ఒక్క కన్ను పొడిగా ఉంటే నన్నడగండి."

భుజంగరావు ఆ రోజంతా కలం పట్టుకోలేదు. ఆ పడుగు ఆయన కళ్ళారా చూసిందే. 'రాతలో మునిగితే నిజంగా మునుగుతుందా? బహుమతి వస్తేనే కదా కాలువ తీసేది. ఆవిడ కోసమే కదా' అని తనకు తాను చెప్పుకున్నాడు. అది నిజమే. కానీ, 'ఒక్క కన్ను పొడిగా ఉంటే' అన్న మాట చెవిలో తియ్యగా మోగుతూ ఉండటమూ నిజమే. మర్నాడు కూర్చుని మగ్గాన్ని ముంచాడు. నీళ్ళు గుంటలోకి ఎలా దిగాయో, తొక్కుడు చెక్కలు ఎలా తేలాయో, ఎర్రంచు రంగు దిగి నీళ్ళు ఎలా ఎర్రబడ్డాయో వరసగా రాశాడు. అంత బాగా ఆయన జన్మలో రాయలేదు.

ప్రథమ బహుమతి వచ్చింది.

బహుమతి ప్రదానం టౌన్ హాల్లో. ఆ మధ్యాహ్నమే మబ్బు పట్టింది. సభ మొదలయ్యేసరికి రేకుల మీద టపటపా చినుకులు మొదలయ్యాయి. భుజంగరావు ఒకసారి రేకుల వంక చూశాడు. కానీ ఇంకెంత, గంటలో సంతకం అయిపోతుందనుకున్నాడు. నాంచారమ్మను కూడా రమ్మన్నాడు. ఆవిడ, "నేనొస్తే మగ్గం కాడ ఎవురుంటారు? మీరే కాయితం పట్టుకురండి" అంది.

శేషశయనం స్వయంగా కథ చదివి వినిపించాడు. బయట వాన పెరిగింది, లోపల గొంతు పెరిగింది. చెక్కలు తేలేచోటికి వచ్చేసరికి ముందు వరసలో ముక్కులు చీదుకోవడం మొదలైంది. ఇంజనీరు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. నీళ్ళు ఎర్రబడేచోట కమిషనరు గారు చేతిరుమాలులో ముఖం దాచుకున్నారు. శేషశయనం చెప్పింది నిజమే, హాల్లో ఒక్క కన్నూ పొడిగా లేదు. భుజంగరావుకు శాలువా కప్పుతుంటే ఆయన కళ్ళూ చెమ్మగిల్లాయి. ఎందుకని అడిగితే ఆయనే చెప్పలేడు.

కమిషనరు గారు కలం తీశారు. భుజంగరావు అర్జీ ముందుకు జరిపాడు. అప్పుడు ఇంజనీరు గారు లేచారు.

"అయ్యా, ఒక చిన్న మనవి. కథ ప్రకారం మగ్గం మునిగిపోయింది. ఇప్పుడు కాలువ తీసినట్లైతే, బహుమతి పొందిన రచన యొక్క ముగింపునకు మునిసిపాలిటీయే భంగం కలిగించినట్లవుతుంది."

కమిషనరు గారు శేషశయనం వైపు చూశారు. శేషశయనం కళ్ళజోడు తీసి, "శిల్పరీత్యా అది నిజమేనండీ. విషాదాంతానికి కొనసాగింపు రాసే అధికారం మూల రచయితకే తప్ప పాలనా యంత్రాంగానికి లేదు" అన్నాడు.

"అవునవును. మనం సాహిత్యంలో జోక్యం చేసుకోకూడదు" అన్నారు కమిషనరు గారు. కలం మూయలేదు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదాయన. అర్జీ మీదే, 'ఈ కథకు ప్రేరణయైన కాలువను యథాస్థితిలో సంరక్షించి, చుట్టూ కంచె వేసి, రచయిత నామధేయముతో ఫలకము ప్రతిష్ఠించవలెను' అని రాసి సంతకం చేశారు. హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు.

చప్పట్లు కొడుతుంటే మనిషి చెయ్యి దానంతటదే నమస్కారానికి లేస్తుంది. భుజంగరావు చెయ్యి కూడా లేచింది. ఆ నమస్కారం దించాకే, తాను దేనికి నమస్కరించాడో ఆయనకు తెలిసింది. కాఫీకి ఆగమన్నా ఆగలేదు. శాలువాతోనే వానలోకి దిగి సాలిపేట వైపు నడిచాడు.

వీధి మొగలోనే మోకాలి లోతు నీళ్ళు. నాంచారమ్మ ఇంట్లో గుంట కనబడటం లేదు. గుంటా గడపా ఒకటైపోయాయి. మొగుడూ పెళ్ళామూ చెరొక పక్కా పట్టుకుని పడుగు కోసి పైకి తీస్తున్నారు. మొగుడికి చూపు ఆనక ఎటు లాగాలో తెలియడం లేదు, ఆవిడ అరిచి చెబుతోంది. తొక్కుడు చెక్కలు నీళ్ళ మీద తేలుతూ గోడకు కొట్టుకుంటున్నాయి. ఎర్ర రంగు దిగుతోంది. రాసింది రాసినట్టే ఉంది. తన రాత ఇంత నిజంగా ఉన్నందుకు భుజంగరావుకు మొదటిసారి అసహ్యం వేసింది. శాలువా తీసి చూరులో దోపి, పడుగు ఒక కొస పట్టుకున్నాడు.

పడుగు అటక మీదికి చేర్చాక నాంచారమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

"సంతకం పెట్టాడా?"

"పెట్టాడమ్మా" అన్నాడు భుజంగరావు. ఏమని పెట్టాడో కూడా చెప్పాడు. కంచె మాటా, ఫలకం మాటా చెప్పాడు. ఆవిడ తిట్టలేదు.

"ఇంతకీ ఆ కథలో నా మగ్గం ఏమైంది పంతులుగారూ?"

ఆయన తలొంచుకున్నాడు. "మునిగిపోయిందమ్మా."

నాంచారమ్మ ఆయన ముఖంలోకి చూసింది. "మీరు రాసే కథే గదయ్యా. మీ చేతిలో పనే గదా. అందులోనన్నా ఆ మట్టి తీపించలేకపొయ్యారా?"